అమ్మ మొక్కు, నా పిలుపు: ఉద్యోగం మానకముందు ఏమేం తేల్చుకోవాలి?

అడిగినవారు: గుంటూరు_అబ్బాయి

అందరికీ వందనాలు. మాది గుంటూరు, తాతల కాలం నుంచి లూథరన్ కుటుంబం. పసివాడిగా నాకు జబ్బు చేస్తే "బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని అమ్మ మొక్కుకుందట. చుట్టాలందరికీ నేను "మొక్కుబడి బిడ్డ"నే. బీటెక్ చేసి విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. వయసు 26. బెజవాడలో ఒక స్వతంత్ర సంఘంలో యూత్ కూడికలు నడిపిస్తున్నాను. సంఘకాపరిగా దేవుని సేవకు వెళ్ళాలన్న ఆశ, మావాళ్ళు "పిలుపు" అనేది, నాలోనూ ఉంది. అయితే అది నాదా, చిన్నప్పటినుంచి విన్న మాటదా అన్నది తేలడం లేదు.

ఆ సంఘం కాపరి అయ్యగారు "వెంటనే రాజీనామా చెయ్యి, దేవుడు చూసుకుంటాడు" అంటున్నారు. నాన్నేమో ఇంటి లోను, చెల్లి చదువు అయ్యాకే అంటారు. మా సర్టిఫికెట్లలో ఎస్సీ అని ఉంది, దాని సంగతీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి: అమ్మ మొక్కు నన్ను కట్టేస్తుందా? పిలుపును పరీక్షించేదెలా? ఏ దారిన వెళ్ళాలి?

జవాబు: బ్రాడీపేట_పెద్ద

తమ్ముడూ, ముందు మొక్కు సంగతి చూద్దాం. అది తేలకపోతే మిగతావేవీ తేలవు.

మొక్కుకున్నది అమ్మ. ఆ బరువు మొక్కుకున్నవారిదే. సంఖ్యాకాండం 30వ అధ్యాయం మొత్తం దీని గురించే, మాట ఇచ్చినవాడే మాట నిలబెట్టుకోవాలి. మరి మనిషినే మొక్కుకుంటే? దానికి లేవీయకాండం 27 చదువు. మొక్కుకున్న మనిషికి ఎంత వెల కట్టాలో అక్కడ వయసులవారీగా రాసి ఉంది. నెల నుంచి ఐదేళ్ళ లోపు మగపిల్లవాడికి 5 తులాల వెండి, ఇరవై నుంచి అరవై ఏళ్ళ మగవాడికి 50 తులాలు. అంత ఇచ్చుకోలేని పేదవాడైతే, వాడి స్తోమతను బట్టి యాజకుడు వెల కట్టాలని 8వ వచనం. మొక్కు తీర్చుకునే దారి కూడా ధర్మశాస్త్రంలోనే ఉంది. బిడ్డ జీవితాన్ని పట్టి ఉంచడం ఒక్కటే దారి కాదు.

సమూయేలు మాటేమిటని అమ్మ అడుగుతుంది, అడగాలి కూడా. బిడ్డను ఇస్తే నీకే అప్పగిస్తానని దేవునికి మొక్కుకున్న హన్నా, సమూయేలు పాలు మాన్పించి షిలోహు మందిరంలో యాజకుడు ఏలీకి అప్పగించింది. అయినా మొదటి సమూయేలు 3వ అధ్యాయంలో దేవుడు ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి వేరుగా పిలవాల్సివచ్చింది. మూడుసార్లూ అది ఏలీ గొంతనుకుని పరుగెత్తాడు. అప్పటికి ఇంకా యెహోవాను ఎరగడని 7వ వచనమే చెబుతోంది. మందిరంలో పడుకుంటున్నాడు, ఏలీ దగ్గర పరిచర్య చేస్తున్నాడు, పిలుపు మాత్రం ఇంకా రాలేదు. తల్లి మొక్కు వాణ్ణి మందిరం దాకా చేర్చింది. పిలిచింది దేవుడు. ఆ పిలుపేమిటో గుర్తుపట్టి చెప్పింది పెద్దాయన ఏలీ. ఈ మూడూ వేరువేరు. మన ఇళ్ళలో మూడింటినీ ఒకటిగా కలిపేస్తాం, చిక్కంతా అక్కడే పడుతుంది.

అమ్మతో నువ్వొక్కడివే మాట్లాడకు. మీ సంఘకాపరిని ఇంటికి పిలిపించి, నాన్న కూడా ఉన్నప్పుడు మాట్లాడు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా తీర్చని మొక్కును తలుచుకుని కుమిలిపోయే తల్లులు చాలామంది. కొడుకు "నన్ను వదిలెయ్" అంటే ఆ భయం పోదు, కాపరి వాక్యం తెరిచి చూపిస్తే తగ్గుతుంది. సంఘంలో కృతజ్ఞత కానుక చెల్లించవచ్చు, వేదాంత విద్యార్థి ఒకరి ఒక ఏడాది ఫీజు కట్టవచ్చు. మొక్కు తీరిందని కాపరి ప్రార్థన చేసి చెప్పాక నీకేం మిగిలిందో చూసుకో. అప్పటికీ సేవ మీద ఆశ అలాగే ఉంటే అది నీదే.

ఇక పరీక్ష. యూత్ కూడికలో మైకు పట్టుకోవడం పరీక్ష కాదు. గొంతు బాగుండి, పాట బాగా ఎత్తుకోగలిగితే ఎవరికైనా అక్కడ ఆత్రం పుడుతుంది. క్రిస్మస్ ముందు వారాల అడ్వెంట్ మొదలుకుని మళ్ళీ అడ్వెంట్ వచ్చేదాకా, ఉద్యోగం చేస్తూనే, మీ సంఘంలో ఎవరూ ముందుకు రాని పనులు అడిగి తీసుకో. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) వార్డుల్లో రోగుల దగ్గర కూర్చోవడం, మంచం పట్టిన ముసలివాళ్ళ ఇంటికి కాపరి వెంట ప్రభు సంస్కారానికి వెళ్ళడం, సమాధి కార్యక్రమానికి అందరికంటే ముందు చేరి చివర బయలుదేరడం, ఆరేడేళ్ళ పిల్లల సండే స్కూలు. వార్డులో ప్రసంగం పనికిరాదు. సెలైన్ సీసా అయిపోవస్తే నర్సును పిలవడం, పక్క మంచం వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చివ్వడం, అడిగితేనే రెండు నిమిషాల ప్రార్థన. ఏడాది చివర ఇంకా చెయ్యాలనిపిస్తే ఒక గుర్తు దొరికినట్టు.

రెండో గుర్తు బయటివాళ్ళ మాట. మొదటి తిమోతి 3:7 ప్రకారం సంఘానికి వెలుపలివారి మంచి సాక్ష్యం కావాలి. మీ ఆఫీసులో మీ పై అధికారి నిన్ను నమ్మకస్తుడంటాడా? లెక్క తప్పితే ఒప్పుకుంటావా? ఇంట్లో చెల్లి ఏమంటుంది? వీళ్ళనూ కాపరినీ అడుగు, మొహమాటం లేకుండా రాసిమ్మను. అదే పత్రికలో 5:22 త్వరపడి చేతులుంచవద్దంటుంది. వెంటనే రాజీనామా చెయ్యమనేవారికి ఈ వచనం చూపించు.

జవాబు: పటమట_వేదాంతి

పెద్దాయన చెప్పినదానికి దారుల సంగతి కలుపుతాను.

లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు సంఘాల్లో పిలుపు నీ ఒక్కడి మాట మీద నడవదు. ముందు నీ సభ్యత్వం ఎక్కడుందో చూసుకో. బాప్తిస్మం ఒకచోట, కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) ఒకచోట, ఆదివారాలు ఇంకోచోట అయితే సిఫారసు దగ్గరే ఆగిపోతుంది. బాప్తిస్మ ధ్రువపత్రం, కన్ఫర్మేషన్ పత్రం, సభ్యత్వ చందా రసీదులు, కాపరి సిఫారసు, స్థానిక కమిటీ తీర్మానం, ఆ తర్వాత పై కమిటీ ఇంటర్వ్యూ. సాధారణంగా ఈ వరసలోనే సాగుతుంది. తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసుకో. నోటిమాటగా "మనవాడే, పంపిద్దాం" అంటే కమిటీ మారగానే ఆ మాటా పోతుంది.

చదువుకు మనవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారింది. అన్ని సంఘాల వాళ్ళూ కలిసి చదువుతారు. డిగ్రీ ఇచ్చేది వేదాంత కళాశాలలకు విశ్వవిద్యాలయం లాంటి సెరంపూర్ సెనేట్. గ్రాడ్యుయేట్లకు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) 4 ఏళ్ళు. హీబ్రూ, గ్రీకు, పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, ఇతర మతాలు, కౌన్సెలింగ్ అన్నీ ఉంటాయి. ఇంగ్లీషులో ప్రసంగాలు విని పెరిగిన ఇంజినీర్లు తడబడేది తెలుగు దగ్గర. పల్లె సంఘంలో గ్రాంథిక బైబిలును చదివి, వాడుక మాటల్లో విప్పి చెప్పగలగాలి. ఇప్పటినుంచే రోజుకో అధ్యాయం పైకి చదువు.

ఇప్పుడే ఉద్యోగం వదలకుండా మొదలుపెట్టడానికి సెరంపూర్ వాళ్ళదే బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సు ఉంది, ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. అది అభిషేకానికి, అంటే కాపరిగా నియమించడానికి, బీడీతో సమానం కాదు. నీకు వేదాంతం మీద నిజంగా ఆసక్తి ఉందో, వేదిక మీదనే ఉందో మాత్రం మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది.

చదువు అయ్యాక వెంటనే అయ్యగారు అయిపోవు. సీఎస్ఐలో ముందు డీకన్ (తొలి మెట్టు), కొంతకాలానికి ప్రెస్బిటర్ (పూర్తి కాపరి). పోస్టింగు ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాలి. గుంటూరులోనే ఉంటానంటే కుదరదు.

స్వతంత్ర సంఘంలో చేరేట్టయితే మూడు సంగతులు అడుగు. సంఘం సొసైటీగా రిజిస్టరైందా? 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళా? స్థలం సంఘం పేరున ఉందా, అయ్యగారి పేరునా? కానుకల లెక్క ఏటా సభ్యులకు చదివి వినిపిస్తారా? సమాధానం దొరకని చోట ఉద్యోగం మానేసి వెళ్ళినవాడు జీతం లేని డ్రైవరుగా, కీబోర్డు మోసే మనిషిగా మిగిలిపోతాడు. అలాంటి చోట అయ్యగారి తర్వాత ఆయన కొడుకే కాపరి అవుతాడు. సమూయేలు కొడుకులు కూడా తండ్రి దారిన నడవలేదని మొదటి సమూయేలు 8:3లో ఉంది. వారసత్వంగా ఆస్తి వస్తుంది, పిలుపు రాదు.

జవాబు: గుణదల_రాణి

మా పెదనాన్న గారబ్బాయికి ఇదే ప్రశ్న ఉంది, వాళ్ళు కథోలికులు. ఒక్కగానొక్క కొడుకు. ఆ దారి ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి.

జవాబు: పటమట_వేదాంతి

రాణి గారూ, కథోలిక దారి పొడుగు. మేత్రాసనంలో (బిషప్ పరిధిలో) గురువులు కాదలచినవారిని చూసే వొకేషన్ డైరెక్టర్ ఫాదర్‌ను కలవడంతో మొదలవుతుంది. మైనర్ సెమినరీ, తత్వశాస్త్రం, మధ్యలో పరిచర్య అనుభవానికి కొంతకాలం, తర్వాత వేదాంతం. కథోలిక సంఘ చట్టంలో 1031వ నిబంధన ప్రకారం గురుపట్టానికి (ఫాదర్ కావడానికి) 25 ఏళ్ళు నిండాలి, డీకన్ పట్టానికీ దానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. పెళ్ళి ఉండదు. ఒక్కగానొక్క కొడుకైతే తల్లిదండ్రుల ముసలితనం గురించి ముందే ఫాదర్‌తో విడమరిచి మాట్లాడాలి. గుణదల తిరునాళ్ళలో, ఫిబ్రవరిలో, పట్టిన మొక్కు చూపించి పిల్లవాణ్ణి తొందరపెట్టకండి. ఇన్నేళ్ళ చదువు అతను తనంతట తాను ఆలోచించుకోవడానికే పెట్టారు.

జవాబు: లెక్కల_మనిషి

బ్రదర్, దేవుడు చూసుకుంటాడన్న మాట నిజం. అయితే బ్యాంకు మీ ఈఎంఐ కోసం చూసేది మీ ఖాతాలో. మొదటి తిమోతి 5:8లో స్వంత ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని ఉంది. దేవునికి అర్పించేశానని చెప్పి తల్లిదండ్రులకు పెట్టాల్సింది ఎగ్గొట్టడాన్ని యేసుప్రభువు మార్కు 7లో గట్టిగా ఖండించాడు. కాబట్టి లెక్క వేసుకోవడం అవిశ్వాసం కాదు.

కాగితం మీద ఇలా వేసుకోండి. ఈఎంఐ నెలకు 15,000 అనుకుందాం. బీడీ 4 ఏళ్ళు అంటే 48 నెలలు, మొత్తం 7,20,000. చెల్లి ఫీజు విడిగా. అమ్మానాన్నల మందులకు నెలకు 4,000 అయితే 1,92,000. నాన్న గారి ఆదాయం ఇందులో ఎంత భరిస్తుందో తీసేస్తే మిగిలేదే మీరు ముందుగా కూడబెట్టాల్సింది. ఆ మొత్తాన్ని మీరు నెలకు దాచగలిగే డబ్బుతో భాగిస్తే ఎన్ని నెలలు ఆగాలో వస్తుంది. "లోను తీరాక" అంటే ఇరవై ఏళ్ళు, "వెంటనే" అంటే రేపు. ఈ లెక్క రెంటికీ మధ్య ఒక తేదీ చూపిస్తుంది. నాన్న గారి ముందు ఆ తేదీ పెట్టండి. ఎక్కువమంది తండ్రుల భయం సేవ మీద కాదు, తేదీ లేకపోవడం మీదే.

రాజీనామాకు ముందు చాలామంది మరిచిపోయేవి కొన్ని. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా మీరు మానేసిన రోజుతో పోతుంది. అమ్మానాన్నలకు విడిగా పాలసీ ముందే తీసుకోండి, ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఎంత ముందైతే అంత మేలు. ఈపీఎఫ్ పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. అది నిండకపోతే పింఛను సొమ్ము వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. పీఎఫ్ డబ్బు తీసి చర్చి స్లాబుకు ఇచ్చేయవద్దు. అది ఎవరు అడిగినా ఇవ్వవద్దు.

జవాబు: కోర్టు_రోడ్డు

సర్టిఫికెట్ ప్రశ్నను అందరూ దాటేశారు. అది దాటేసేది కాదు.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు మన రాష్ట్రంలో బీసీ-సి, 1 శాతం రిజర్వేషన్. 1977 నాటి జీవో 341 కింద కొన్ని ఆర్థిక రాయితీలున్నాయి గాని, అవి రాజ్యాంగ హోదాతో సమానం కావు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, 2025లో మన హైకోర్టు మతం మారాక ఎస్సీ హోదా నిలవదని కచ్చితంగానే తీర్పులిచ్చాయి. హైకోర్టు ముందుకు వచ్చింది ఒక పాస్టరు కేసే. మతం మారినవాళ్ళకు ఎస్సీ హోదా ఇవ్వాలా అన్నది పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

మీది తాతల కాలం నుంచి లూథరన్ కుటుంబమని మీరే రాశారు. బాప్తిస్మ రిజిస్టరులో పేరు, తహశీల్దారు పత్రంలో హిందూ ఎస్సీ ఉంటే ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు విచారణ ఇంటి గుమ్మం దాకా వస్తుంది. మీరు అభిషేకం పొందాక ఆ అవకాశం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చర్చి బోర్డు మీద మీ పేరుంటుంది. చెల్లి పత్రం ఆమె విశ్వాసాన్ని బట్టే చూడాలి, కాని విచారణలో ఇంటి వాతావరణం కూడా చూస్తారు. ఇంట్లో అందరి పత్రాలూ, ఎవరెవరు దేనికి వాడుకున్నారో జాబితా, బాప్తిస్మ తేదీలు పట్టుకుని ఈ కేసులు చూసే వకీలును రాజీనామాకు ముందే కలవండి. బాప్తిస్మం దాచమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినవద్దు. కులాన్ని బట్టి ఊళ్ళో మనిషికి జరిగే అన్యాయం బాప్తిస్మంతో ఆగదు, చట్టం మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఈ బాధ నిజం. దానికి తప్పుడు కాగితం మందు కాదు.

ఇంకొకటి. స్వతంత్ర కాపరిగా వెళ్తే పెళ్ళిళ్ళు చెయ్యమని మొదటి నెలలోనే అడుగుతారు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద బిషప్ చేతి అభిషేకం ఉన్నవారికి నేరుగా అధికారం ఉంది, మిగతా కాపరులకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. అధికారం లేకుండా చేస్తే సెక్షన్ 68 కింద పదేళ్ళ దాకా జైలు. పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. వధూవరులకు వీసా కోసమో పాస్‌పోర్టు కోసమో సర్టిఫికెట్ కావలసివచ్చినప్పుడు ఇదంతా బయటపడుతుంది.

గుంటూరు_అబ్బాయి

చాలా కృతజ్ఞతలు. వకీలును కలుస్తాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, బయోడేటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని రాశారు. ఇది కూడా ఆపాలా? ఒకవేళ పిలుపు లేదని తేలితే, ఇన్నాళ్ళూ "సేవకుడు" అన్నవాళ్ళకు ఏం చెప్పాలి?

జవాబు: విద్యానగర్_సిస్టర్

తమ్ముడూ, సంబంధాలు ఆపక్కర్లేదు, బయోడేటా మార్చండి. ఉద్యోగం వరస కిందే "రెండు మూడేళ్ళలో సంఘ సేవకు వెళ్ళే ఆలోచన ఉంది, అప్పుడు ఆదాయం బాగా తగ్గుతుంది" అని రాయించండి. ఫోన్లో మధ్యవర్తి చెబుతాడులే అనుకోవద్దు, చెప్పడు. జీతం చూసి ఒప్పుకున్న పిల్లను పెళ్ళయ్యాక కాపరి ఇంట్లో పెట్టి "అమ్మగారూ" అని పిలిపించడం ఆమెకు అన్యాయం. స్త్రీల సమాజం, వచ్చేపోయేవాళ్ళ భోజనాలు, అర్ధరాత్రి తలుపు తట్టడాలు అన్నీ ఆమె నెత్తిన పడతాయి. పెళ్ళిచూపుల్లో ఆమెతో విడిగా మాట్లాడి, ఆమె చదువు, ఆమె ఉద్యోగం ఏమవుతాయో ఆమెనే అడగండి. పిలుపు ఆమెకే ఉండొచ్చు కూడా. సీఎస్ఐ 1976 నుంచి ఆడవాళ్ళకు అభిషేకం ఇస్తోంది, 2013లో నంద్యాల బిషప్పుగా పుష్పలలిత గారు వచ్చారు.

పిలుపు లేదని తేలితే అన్నారు. గుంటూరులో ఉండి ఆ మాట అనకూడదు. కుగ్లర్ ఆసుపత్రి ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళుంటారు! అన్నా కుగ్లర్ గారు అమెరికా లూథరన్ మిషన్ పంపిన డాక్టరు. 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషన్ ఆమెకు అప్పగించింది వైద్యం కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువు చెప్పే పని. ఆమె ఆ పనీ చేస్తూ, వచ్చిన రోగులను చూస్తూ ఉంటే తర్వాత మిషనే ఆమెను వైద్యసేవకు నియమించింది. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. ఆమె ప్రసంగ వేదిక మీద నిలబడలేదు, అలాగని ఆమెది పిలుపు కాదని ఈ ఊళ్ళో ఎవరంటారు? లూథరన్ ఇంట్లో పుట్టినవారికి ఇది కొత్త మాట కాదు, గురువుకూ చెప్పులు కుట్టేవాడికీ దేవుని దగ్గర పిలుపు సమానమేనని మార్టిన్ లూథర్ బోధించాడు.

చుట్టాలకు చెప్పాల్సింది ఒక్క మాట: "అమ్మ మొక్కు ఫలానా ఆదివారం సంఘంలో తీర్చుకుంది, కాపరి గారు ప్రార్థన చేశారు." అందుకే ఆ కృతజ్ఞత కానుక గుట్టుగా ఇవ్వవద్దు, ఆరాధనలో పేరు చదివించి ఇవ్వండి.

జవాబు: బ్రాడీపేట_పెద్ద

సిస్టర్ చెప్పింది సరి. ఒక్కటి మిగిలింది. బెజవాడ సంఘం అయ్యగారికి జవాబు ఫోన్లో చెప్పకు, వెళ్ళి చెప్పు. "మా సంఘంలో ఏడాది పరీక్షలో ఉంటాను, మా కాపరి పర్యవేక్షణలో. ఆదివారం ఉదయం ఆరాధన అక్కడే. మీ యూత్‌కు శనివారం సాయంత్రం వస్తాను" అని. ఒప్పుకుంటే మంచిదే. కోపగించుకుని, శాపమనో, అవిధేయత అనో అంటే యూత్ బాధ్యత ఇంకొకరికి అప్పగించి, నీ దగ్గరున్న కానుకల లెక్క, తాళాలు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఇద్దరు పెద్దల ఎదుట అప్పజెప్పి రా. అప్పజెప్పినట్టు సంతకం తీసుకో.